వాణిజ్య గదికి దారి

ఆ గది కట్టింది నేనే. ఇటుకలు పేర్చింది మేస్త్రీ కావచ్చు, బిల్లు పెట్టింది కంట్రాక్టరు కావచ్చు, పునాది మాత్రం నా కలానిది. ఒక బుధవారం మధ్యాహ్నం భోజనం క్యారేజీ విప్పబోతూ ఒకే ఒక్క మాటతో వేసేశాను. ఇంత చిన్న మాటకి అంత కట్టడం లేస్తుందని తెలిసి ఉంటే ముందు అన్నం తినేవాణ్ని.

తేనెపుట్టులోని కొండప్రాంతాల సమగ్ర వికాస సంస్థలో నేను గుమస్తాని. పేరు చూసి భయపడకండి, ఆఫీసంతా కలిపి ముగ్గురు మనుషులం, రెండు పంకాలు. ఆ ఏడు వర్షాలు వెనకబట్టాక మాకు ప్రత్యేకాధికారిగా దండిభట్ల వైకుంఠరావు గారు వచ్చారు. మనిషి మంచివాడే. లంచం ముట్టరు, ఎవరినీ కసరరు. ఉన్న జబ్బు ఒక్కటే, ఫైల్లో ఇంగ్లీషు మాట కనబడితే ఒంటి మీద తేలు పాకినట్టు గింజుకునేవారు. అందుకని ప్రతి ఇంగ్లీషు మాటకీ ఒక తెలుగు మాట, అక్షరాలా ఒకే ఒక్క మాట, నిర్ణయించి ‘ఆమోదిత పదపట్టిక’ అని పుస్తకం వేయించారు. ఒకదానికి కేటాయించిన మాట ఇంకోదానికి వాడితే సంజాయిషీ రాసుకోవాలి. నేను అప్పటికే నాలుగు రాశాను.

ఆ పట్టికలో మొట్టమొదటి మాట ఛాంబర్. ఎందుకంటే అయ్యగారు ఉద్యోగంలో చేరిన రోజున తలెత్తి చూస్తే ఆయన తలుపు మీదే ‘స్పెషల్ ఆఫీసర్ ఛాంబర్’ అని బోర్డు ఉంది. వెంటనే పీకించి ‘ప్రత్యేకాధికారి గది’ అని రాయించారు. అప్పట్నుంచి ఎవరొచ్చి అడిగినా బంట్రోతు “అయ్యగారు గదిలో ఉన్నారండీ” అనడం, పాపం పడుకున్నారు కాబోలని వాళ్లు తిరిగి వెళ్లిపోవడం మామూలైపోయింది.

సరే, ఆ బుధవారం రాజధాని నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తర్వు దిగింది. కొండ మీద ఆదివాసీ వ్యాపారుల కోసం ఒక ఛాంబర్ ఆఫ్ కామర్స్ పెట్టాలని, వాళ్లలోని వ్యాపార నాయకులు అయిదుగురు దాన్ని నడిపించాలని. మూడు గంటలకల్లా తెలుగు చేసి సంతకానికి పెట్టమన్నారు. ఛాంబర్ ఆఫ్ కామర్స్ అంటే ఏమిటో నాకు తెలియక కాదు. మా ఊళ్లో రైసు మిల్లుల వాళ్లకి ఒకటుంది, నెలకోసారి కూడి టీ తాగి తీర్మానాలు చేస్తారు. సంఘం అనో, మండలి అనో రాద్దామని పట్టిక తెరిచాను. సంఘం యూనియన్‌కి ఇచ్చేశారు. మండలి కౌన్సిల్‌కి, సమాఖ్య ఫెడరేషన్‌కి పోయాయి. ఛాంబర్ ఎదురుగా గది అని కూర్చుని ఉంది. అయిదో సంజాయిషీ రాసే ఓపిక నాకు లేదు. ‘ఆదివాసీ వాణిజ్య గది’ అని రాసి, కింద ‘ఈ గదికి ఆదివాసీ వ్యాపార నాయకులు అయిదుగురు మార్గదర్శనం చేయుదురు’ అని ముగించి, అన్నం తిన్నాను.

ఆ ఉత్తర్వు కోసం మూడేళ్లుగా ఎదురు చూస్తున్న మనిషి పాంగి సుక్రమ్మ. కొండ చీపుళ్ల వ్యాపారం ఆవిడది. తేనెపుట్టు శుక్రవారం సంతలో సుక్రమ్మ చీపురంటే ఒక ఏడాదికి దుమ్ముకి సెలవని పేరు. అయితే ఆ సంతకి చేరే లోపలే ఘాట్ రోడ్డు మలుపు దగ్గర షావుకారు గవరయ్య మనుషులు కాపు కాసేవారు. కొండ దిగి వచ్చే ఆడవాళ్ల నెత్తి మీది మోపులు అక్కడికక్కడే దించేసుకుని, తోచింది చేతిలో పెట్టి, పొమ్మనేవారు. ఒక్కొక్కరుగా వచ్చినంత కాలం ఇది తప్పదని సుక్రమ్మకి అర్థమైంది. అందరూ ఒక మాట మీద ఒకే చోట అమ్మితే కొంటానని పట్నం నుంచి ఒక పెద్ద కంపెనీ కొనుగోలుదారు ముందుకొచ్చాడు గానీ, సర్కారు గుర్తించిన వ్యాపార సంస్థతో అయితేనే ఒప్పందం రాస్తానన్నాడు. అందుకే ఆ కాగితం కోసం ఆవిడ మా ఆఫీసు మెట్లు అరగదీసింది.

ఉత్తర్వు వచ్చిందని నేనే చెప్పాను. ఆ సాయంత్రమే ఆవిడ కొండెక్కి పదకొండు ఊళ్లు తిరిగి, ఈ ఏడు గవరయ్యకి ఒక్క కట్ట కూడా ఇవ్వొద్దని చెప్పి వచ్చింది. ఊళ్లు ఆవిడ మాట నమ్మాయి. పుష్యమాసం వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ చీపుళ్లు నేల నుంచి వాసాల దాకా నిండిపోయి, మనుషులు అరుగుల మీద పడుకుంటున్నారు. కొండ చీపురుకి ఒక ఇబ్బంది ఉంది, ఎండలు ముదిరేదాకా ఉంచితే పూత రాలిపోయి ఉత్త పుల్లలు మిగులుతాయి. అంటే సుక్రమ్మ చెప్పిన మాటకి మాఘమాసం వరకే గడువు.

ఇక్కడ నా గది తన పని మొదలుపెట్టింది. ఉత్తర్వులో గది అని ఉంది గనక ఫైలు జిల్లా వాణిజ్య విభాగానికి పోకుండా ఇంజనీరింగు విభాగానికి పోయింది. వారం తిరక్కుండా ఏఈ ప్రకాశం టేపు పుచ్చుకుని నా బల్ల ముందు నిలబడి, పొడవెంత, వెడల్పెంత అన్నాడు. విప్పిన క్యారేజీ మళ్లీ మూసేశాను. అయ్యగారి దగ్గరకి పరిగెత్తి, చిన్న పొరపాటు జరిగింది సార్, ఇది గది కాదు, మనుషుల కూటమి అని మొత్తుకున్నాను.

వైకుంఠరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఉత్తర్వు మీద నా సంతకం ఉన్నదా?” అన్నారు. ఉందన్నాను.

“సంతకమైన పదం సత్యం. ఇప్పుడది తప్పని అంటే పదపట్టిక తప్పు అవుతుంది. పట్టిక తప్పైతే నా తలుపు మీది బోర్డు తప్పవుతుంది. అప్పుడు నేను ఎక్కడ కూర్చున్నట్టు? తదనుగుణంగా గదినే నిర్మింపజేయుడు.”

ఆయన కూర్చున్న చోటు పోకూడదు గనక గది కట్టడమే ధర్మమని నేను కూడా బుర్ర ఊపి వచ్చాను. మూడేళ్లు కదలని దరఖాస్తు, గది అనగానే ముప్పై ఎనిమిది రోజుల్లో గోడలై లేచింది. మా సంస్థకి సంఘాలు పెట్టడం చేతకాదు గానీ గోడలు కట్టమంటే ఏనుగు బలం వస్తుంది. సంత దగ్గర సర్కారు స్థలం లేదని, సంతకి రెండు మైళ్ల అవతల, పాడుబడిన పశువుల ఆసుపత్రి వెనక రాతి గుట్ట మీద కట్టారు. పన్నెండు అడుగులకి పది. ఒక తలుపు, తాళం, పైన రంగు బోర్డు. పైకప్పు మాత్రం మలి దశలో మంజూరవుతుందని ప్రకాశం చెప్పాడు. గుట్ట ఎక్కి చూసిన మేకలు తప్ప అక్కడ ఒక గది ఉందని ఎవరికీ తెలియదు.

ఎవరికీ తెలియకపోవడం అయ్యగారిని కలవరపెట్టింది. ఉత్తర్వు మళ్లీ తీసి చదివారు. చివరి వాక్యం దగ్గర ఆయన ముఖం వెలిగింది. గదికి మార్గదర్శనం చేయడానికి అయిదుగురు నాయకుల్ని ప్రభుత్వమే ముందుచూపుతో ఏర్పాటు చేసింది కదా. మార్గం చూపించేవాడే మార్గదర్శకుడు. ఇందులో అనుమానించడానికి ఏముంది.

ఆ శుక్రవారమే అయిదుగురికీ పిలుపు వెళ్లింది. సుక్రమ్మతో పాటు మిరియాలు, కాఫీ గింజలు కొని అమ్మే గెమ్మెలి లైకోన్, తేనె, పసుపు, అడ్డాకుల వ్యాపారం చేసే మరో ముగ్గురు. నలభై ఊళ్ల సరుకు కంటి చూపుతో తూచగలిగిన మనుషులు. ఉతికిన బట్టలు కట్టుకుని, తమ సంస్థ సంగతి తేల్చుకుందామని వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. వైకుంఠరావు గారు లేచి నిలబడి, జాతి చరిత్రలో ఇది స్వర్ణాక్షర ఘడియ అనీ, అనాదిగా దారి చూపబడిన వారు నేడు దారి చూపువారు అయ్యారనీ అరగంట మాట్లాడారు. తరవాత ఒక్కొక్కరికీ ఒక నీలం టోపీ, ఒక పట్టీ, ఒక ఈల ఇప్పించారు. పట్టీ మీద ‘మార్గదర్శి’ అని ఉంది. సంత నుంచి గుట్ట దాకా అయిదు మలుపులు ఉన్నాయి గనక, మలుపుకొకరు చొప్పున ప్రతి శుక్రవారం పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం నాలుగు దాకా నిలబడి, వచ్చే పోయే జనానికి గదికి దారి చూపాలని విధులు చదివించారు. చూపుడు వేలితో చూపడం అమర్యాద గనక అరచేయి చాపి ఎలా చూపాలో ప్రకాశం చేసి చూపించాడు.

లైకోన్ టోపీని అటూ ఇటూ తిప్పి చూసి నెమ్మదిగా అడిగాడు. “ఆ గది కాడికి ఎల్లి జనం ఏటి సేత్తారు బాబూ?”

“గదిని చేరుకొనుటయే ప్రథమ లక్ష్యం,” అన్నారు అయ్యగారు. “చేరుకొన్న తరువాతి అంశం పరిశీలనలో ఉన్నది.”

నేను తలెత్తలేదు. తలెత్తితే సుక్రమ్మ కళ్లలో పడతానని తెలుసు. ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది, ఈ టోపీ పెట్టుకుంటే సంస్థ కాగితం ఇస్తారా అని. మార్గదర్శకులుగా విధులు నిర్వర్తించినట్టు నాలుగు శుక్రవారాల హాజరు ఉంటే ఇస్తామన్నారు. ఆవిడ టోపీ పెట్టేసుకుంది.

నాలుగు శుక్రవారాలు ఆ అయిదుగురూ మలుపుల్లో నిలబడ్డారు. వాళ్ల దుకాణాలు సంతలో ఖాళీగా ఉన్నాయి. జనం వచ్చి సుక్రమ్మని చీపుళ్లు అడిగితే అరచేయి చాపి గుట్ట చూపించి పంపేది. వెళ్లినవాళ్లు తాళం చూసి తిరిగి వచ్చి తిట్టేవారు. ఒక ముసలాయన రెండుసార్లు ఎక్కి దిగి, అందులో ఏ దేవుణ్ని పెట్టారమ్మా అని అడిగాడు. అయితే ఒక మేలు కూడా జరిగింది. మొదటి మలుపు ఘాట్ రోడ్డు మలుపే. అక్కడ నీలం టోపీ, ఈల చూసి గవరయ్య మనుషులు అటవీ శాఖ వాళ్లనుకుని ఆ నాలుగు వారాలూ దరిదాపులకి రాలేదు. ఈ మేలు సంగతి మా నివేదికలో రాయలేదు, దానికి గడి లేదు.

అయిదో వారంలో కాగితం వచ్చింది. అందులో పన్నెండో నిబంధన రెండుసార్లు చదివాను. ‘సదరు సభ్యులు చేసుకొను సమస్త ఒప్పందములు వాణిజ్య గదియందు కుదుర్చుకొన్నచో మాత్రమే చెల్లుబాటగును’ అని ఉంది. ఇంగ్లీషులో ఛాంబర్ పేరు మీద అని అర్థం. నా గది మాట వల్ల తెలుగులో అది గది లోపల అని అయి కూర్చుంది. ఆ గదికేమో తాళం. రాజధాని నుంచి ఒక పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరిస్తే గానీ తెరవరు. ఆయన ఎప్పుడు వస్తారో ఆయనకే తెలియదు, తాళంచెవి సీలు వేసిన కవరులో ఉంది.

గురువారం మధ్యాహ్నం సుక్రమ్మ, లైకోన్ ఆఫీసుకి వచ్చారు. మర్నాడు సంతకి పట్నం కొనుగోలుదారు లారీలతో వస్తున్నాడు. రాసుకుంటే రేపే రాసుకోవాలి, లేదంటే అటునుంచి అటే గవరయ్య గోదాములకి పోతానని కబురు పెట్టాడు. గవరయ్య కూడా ఊళ్లకి కబురు పెట్టాడట, ఈ ఏడు మీ చీపుళ్లు పొయ్యిలోకి తప్ప పనికి రావని. నేను పన్నెండో నిబంధన చదివి వినిపించాను.

సుక్రమ్మ బెంచీ మీద కూలబడింది. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. “పదకొండూళ్లోళ్లు ఇళ్లల్ల సరుకెట్టుకుని బయట పడుకుంటన్నారు బాబూ. నా నోటి మాట మీద. రేపు నాను ఆళ్ల మొకం ఎలగ సూడాల?” అంది. “మావు అడిగింది గదేనా? మావెప్పుడైనా గది అడిగినామా?”

అడగలేదు. అది నేనే ఇచ్చాను. అక్కా, ఆ మాట నాది, నేను రాసిందే, అన్నం వేళ దాటిపోతోందని రాసిపారేశాను అని చెప్పేశాను. నా జన్మలో ఆఫీసులో కూర్చుని నిజం చెప్పడం అదే మొదలు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. లైకోన్ నన్ను తిట్టకుండా వదిలేశాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది. సుక్రమ్మ మాత్రం లేచి, అయ్యగారి తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. వెనకే మేమూ దూరాం.

లోపల ప్రకాశం కూడా ఉన్నాడు. ఆవిడ బతిమాలలేదు, ఏడవలేదు. ఎంతో అమాయకంగా చేతులు కట్టుకుని, “మావు కొండోళ్లం బాబూ, మాకు తెల్దు. గదంటే ఏటి? ఎలగుంటే దాన్ని గదంటారు?” అని అడిగింది.

ఒక మాటకి అర్థం చెప్పమని వైకుంఠరావు గారిని అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆయన కుర్చీలో నిటారుగా అయ్యారు. నన్ను రాసుకోమన్నారు. గది అనగా నాలుగు దిక్కులయందు ఆచ్ఛాదన కలిగి, ప్రవేశార్థం ఒక ద్వారము కలిగి, ద్వారోపరి నామఫలకము కలిగిన స్థలము అని చెప్పారు. పైకప్పు మాట ఎత్తబోయారు గానీ ప్రకాశం వంగి చెవిలో ఏదో అన్నాడు. పైకప్పు అంటే గుట్ట మీదిది గది కాకుండా పోతుంది కదా. అయ్యగారు దగ్గి, “పైకప్పు ఐచ్ఛికము,” అన్నారు. గోడలు దేనితో కట్టాలి అని లైకోన్ అడిగాడు. ప్రకాశం మట్టి, రాయి, ఇటుక అని లెక్క పెట్టబోతే అయ్యగారు చేయెత్తి ఆపారు. పదానికి అర్థం చెప్పేటప్పుడు వస్తువుల జోలికి పోకూడదట, అది భాషాశాస్త్ర విరుద్ధమట. స్థానికంగా లభ్యమగు ఏ వస్తువైననూ అని రాయించి, సంతకం పెట్టి, ముద్ర కూడా వేశారు. సుక్రమ్మ ఆ నకలు ఒకటి అడిగి పుచ్చుకుని దండం పెట్టి వెళ్లింది.

వెళ్తూ నా బల్ల దగ్గర ఆగింది. “రేపు నువ్వు టేపొట్టుకుని సంతకి రా. బోర్డు కూడా రాసుకు రా,” అంది. నీ ముఖం చూడనని అంటుందనుకున్నాను గానీ పని చెప్పింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

శుక్రవారం నేను వెళ్లేసరికి సంత పక్క మైదానంలో పదకొండు ఊళ్ల సరుకూ దిగుతోంది. అయిదు మలుపుల్లోనూ ముగ్గురు మార్గదర్శకులు, సుక్రమ్మ, లైకోన్ తమ టోపీలిచ్చి నిలబెట్టిన మరో ఇద్దరు, ఈలలు వేస్తూ అరచేతులు చాపుతున్నారు. తేడా అల్లా, చేతులు గుట్ట వైపు కాకుండా మైదానం వైపు ఉన్నాయి. మోపులు ఎత్తుకుని ఆడవాళ్లు బారులు తీరి వస్తున్నారు, ఘాట్ మలుపు దగ్గర ఒక్క మోపు కూడా దిగలేదు. మైదానంలో సుక్రమ్మ నిలబడి, ఈ కట్టలు ఇటు, ఆ కట్టలు అటు అని పురమాయిస్తోంది. ఆవిడకి టేపు అక్కర్లేకపోయింది, అడుగులు పెట్టి కొలిచేసింది. నేను టేపు పట్టి చూస్తే అచ్చం పన్నెండుకి పది.

నిలువెత్తు చీపురు గోడలు నాలుగు లేచాయి. తూర్పున మనిషి పట్టేంత సందు వదిలి, పైన వెదురు అడ్డం పెట్టి, నేను రాత్రి కూర్చుని రాసిన అట్ట తగిలించాం. ‘ఆదివాసీ వాణిజ్య గది’ అని. ఆ మాట రెండోసారి రాస్తుంటే నాకు సిగ్గు వేయలేదు. లోపల కూర్చోడానికి కూడా చీపురు కట్టలే పరిచారు. కొత్త పూత వాసనతో చల్లగా, ఎండ జల్లెడ పట్టినట్టు దిగుతూ, మా ఆఫీసు కంటే నూరు రెట్లు బాగుంది.

పట్నం కొనుగోలుదారు లారీలతో వచ్చి ఆ గదిని చుట్టూ తిరిగి చూశాడు. గోడలోంచి ఒక పుల్ల లాగి, విదిలించి, పూత రాలడం లేదని తల ఊపాడు. సరుకు ఎక్కడ చూపిస్తారని అడిగితే, మీరు అందులోనే ఉన్నారని లైకోన్ చెప్పాడు.

పది గంటలకి వైకుంఠరావు గారి జీపు వచ్చింది. ఆయన బయల్దేరింది గుట్ట మీదికి, విధుల తనిఖీకి. మొదటి మలుపులో మార్గదర్శి ఈల వేసి అరచేయి చాపాడు. మార్గదర్శకుల్ని పెట్టింది ఆయనే గనక వాళ్లు చూపిన దారి తప్పని అనలేరు. ఆ చెయ్యి చూపిన వైపే తిరిగి సరాసరి మైదానంలో దిగారు. ఆయన వెనకే గవరయ్య కూడా మోటారు సైకిలు మీద వచ్చాడు, ఎవరో కబురు మోసినట్టున్నారు.

గవరయ్య దిగీ దిగకుండానే ఇదేం గది బాబూ, చీపురు కుప్పకి బోర్డు పెడితే గది అయిపోద్దా, ఇందులో రాసిన కాగితం చెల్లదని మీరే చెప్పండి అని అయ్యగారిని పట్టుకున్నాడు. అయ్యగారు గదిని చూశారు. బోర్డు చూశారు. ద్వారం చూశారు. ఆయన ముఖంలో రంగులు మారడం నేను దగ్గరుండి చూశాను. సుక్రమ్మ నిన్నటి నకలు తీసి ఆయన చేతిలో పెట్టింది. మైదానంలో పదకొండు ఊళ్ల జనం చుట్టూ మూగారు. ఆయన కాదంటే ఆ ఆడవాళ్లు మళ్లీ మోపులు ఎత్తుకుని ఒక్కొక్కరుగా గవరయ్య గుమ్మానికి పోవాలి, ముందు సుక్రమ్మ పోవాలి.

ఆయన నకలు మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నారు. తన సంతకం దగ్గర ఆగారు. తరవాత గవరయ్య వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి గొంతు పెంచారు.

“నాలుగు దిక్కుల ఆచ్ఛాదన ఉన్నదా లేదా? ద్వారము ఉన్నదా? నామఫలకము ఉన్నదా? స్థానికంగా లభ్యమగు వస్తువు అవునా కాదా? ఇది గది కాదన్నచో నేను వ్రాసినది తెలుగు కాదనవలె. అనగలవా?”

గవరయ్యకి వ్యాపారంలో ఎవరితోనైనా పోట్లాడడం వచ్చు గానీ వ్యాకరణంలో రాదు. మోటారు సైకిలు మీద చెయ్యి వేసి, పక్కకి తప్పుకున్నాడు.

అయ్యగారు తల వంచి ద్వారంలోంచి లోపలికి వెళ్లి, మధ్యలో ఉన్న కట్ట మీద ఆసీనులయ్యారు. ఒప్పందం కాగితం మీద సుక్రమ్మ వేలిముద్ర వేయలేదు, సంతకమే పెట్టింది, మూడేళ్లుగా దాని కోసం నేర్చుకుందట. కొనుగోలుదారు పెట్టాడు. అయ్యగారు సాక్షి సంతకం పెట్టి, గది శుభారంభం సందర్భంగా నాలుగు మాటలు మాట్లాడతానన్నారు. బయట ఆడవాళ్లు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వుతున్నారు. సుక్రమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని వెంటనే లారీ వాళ్లని కేకేసింది.

అయ్యగారి ప్రసంగం పదపట్టిక ప్రాశస్త్యం దగ్గర ఉండగా పడమటి గోడ లారీ ఎక్కింది. ఆయన కళ్లు మూసుకుని మాట్లాడే మనిషి గనక గమనించలేదు. ఉత్తరం గోడ వెళ్లింది. దక్షిణం గోడ వెళ్తుంటే గాలి తగిలి, చల్లగా ఉన్నదని ఒక వాక్యం ఆ గది నిర్మాణ కౌశలం మీద కూడా చెప్పారు. తూర్పు గోడతో పాటు బోర్డు కూడా దించి, వెదురు ఎవరిదో వాళ్లకి ఇచ్చేశారు. ఆయన జై అని ముగించి కళ్లు తెరిచేసరికి, మైదానం మధ్యలో ఎండలో ఒక కట్ట మీద ఆయనా, ఎదురుగా టేపు పట్టుకుని నేనూ, చుట్టూ పదకొండు ఊళ్ల జనం.

ఆయన అటు చూసి, ఇటు చూసి, చివరికి నా వైపు చూశారు. “గది ఏదీ?” అన్నారు.

నేను నోరు విప్పే లోపు సుక్రమ్మ దగ్గరికి వచ్చి ఎంతో మర్యాదగా చేతులు జోడించింది.

“గది అమ్ముడుపోనాది బాబూ. మళ్లీ ఏడు పండుద్ది. తమరు కూకున్న కట్ట కూడా అందులోదే, కూసింత లెగిస్తే లారీ కదులుద్ది.”

ఆయన లేచి నిలబడ్డారు.